పులుసులోకి దిగని సారం

మీ ఇంట్లో చివరి ముద్ద ఎవరు తింటారు? జవాబు మనసులో ఉంచుకుని నాతో బాపట్ల రండి.

ఎనభయ్యో దశకం చివర, ఒక వేసవి శనివారం ఉదయం తెనాలిలో పాసింజరెక్కాను. శాకాహారమా, మాంసాహారమా అని బాపట్లలో చర్చ. మాంసం వైపు నేను. ఎదుటి పక్షం ఒక రిటైర్డు మాస్టారు. భోజనం కూడా వారింట్లోనే: ముద్దపప్పు, తోటకూర, గడ్డపెరుగు. మేమిద్దరం లేచాక ఆయన భార్య ఒట్టి మజ్జిగన్నంతో కూర్చుంది.

"పప్పు వేసుకోలేదేమ్మా?"

"మీరు మారు వడ్డించుకున్నారు, నాకదే తృప్తి బాబూ."

సాయంత్రం సభలో ఆయన సాత్వికమన్నారు, నేను మాంసకృత్తులన్నాను. ఇద్దరికీ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున్నే బస్సులో రేపల్లె చేరాను. అది నా మేనకోడలు కరుణ అత్తారి ఊరు. కరుణకి ఎనిమిదో నెల. రక్తం బాగా తక్కువగా ఉంది, మాంసమూ ఆకుకూరలూ తినమని డాక్టరమ్మ చెప్పింది. ఆదివారం వేటమాంసం వండే ఇల్లే కదా అని నా ధీమా.

చర్చి నుంచి రాగానే మగవాళ్ళకి వడ్డించారు. కరుణ వంతు వచ్చేసరికి గిన్నెలో పులుసే మిగిలింది.

"దీనికి ముక్కలేవమ్మా?" అని అత్తగారిని అడిగాను.

"సారమంతా పులుసులోకే దిగుతుందండి అన్నయ్యగారూ. ముక్కలో ఏముంది, పిప్పి!"

"మరి మీ అబ్బాయికి ఆ పిప్పి ఎందుకు వేశారు?"

"భలేవారే! సంపాదించే మగాడండీ" అని నవ్వింది.

కరుణ కనురెప్ప లాగి చూశాను. సున్నం కొట్టినట్టుంది. పోట్లాడి, సాయంత్రం రైలుకి తెనాలి బయల్దేరదీశాను. అత్తగారు క్యారేజీ కట్టిచ్చింది. వేమూరు దాటాక మూత తీస్తే, పై గిన్నెలో నాకని దాచిన ముక్కలు, కింద కరుణకి పులుసన్నం. పప్పు తినే ఇంట్లోనూ, వేట తినే ఇంట్లోనూ ఆడదాని కంచం ఒకటే! ముక్కలు కరుణ ముందు పెట్టాను. కసిరినా ముట్టలేదు.

"ముందు మీరు తినండి మామయ్యా. మిగిలితే తింటాను."

"బుద్ధిమంతురాలండి మీ అమ్మాయి" అని ఎదుటి సీటు పెద్దాయన మెచ్చుకున్నాడు.

నెల తిరక్కుండానే నొప్పులొచ్చాయి. కాన్పులో అందరికీ పోయేంత రక్తమే పోయిందన్నారు. అంత పోవడానికి దాని ఒంట్లో ఉంటేగా! బిడ్డ దక్కింది. కరుణ దక్కలేదు.

శాకమా, మాంసమా అని తర్వాత కొట్టుకుందాం. ఇవాళ మీ ఇంట్లో ఏది వండినా, ముందు ఆ చివరి ముద్ద తినే ఆమె కంచంలో వేయండి. ఆమె తిని లేచేదాకా మీరు కంచం ముట్టకండి.