పందికని దాచిన ఉప్పు

ఈనిడ్ ప్రాబర్ట్‌ది మా పక్క దొడ్డి. మొగుడు పోయాక కూడా జాడీలు చేయడం మానలేదు. బట్టీలో మంట తెల్లబడ్డాక అందులోకి తడి ఉప్పు విసిరేది. మేం ఆపిల్ రసం పులియబెట్టి చేసే సైడర్‌ను ఆమె జాడీల్లో తప్ప ఎందులోనూ పోసి ఎరుగను. ఉప్పు వేస్తే మట్టి మీదికి గాజు మెరుపు ఎలా వస్తుందని అడిగితే, "ఆవిరై జాడీని కరుచుకుంటుంది. నీ నోటిని కరిచేదే ఇంకా దొరకలేదు," అనేది.

ఓ వేసవిలో పాత బట్టీ కప్పు కూలింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ళ మీద పాకుతూ కొత్తది తనే కట్టుకుంది. "ఇది కుదరకపోతే షెడ్డుకు తాళం వేసి హెరెఫర్డ్‌లో మా చెల్లెలి దగ్గరికి పోతా హిల్డా," అంది. ఆ చెల్లెలు సోఫాకు ప్లాస్టిక్ తొడుగేసే రకం. అక్కడ మట్టిచేతుల ఈనిడ్ ఎలా బతుకుతుంది?

మొదటిసారి కాల్చిన రోజు, పళ్ళెం తిరిగిచ్చే వంకతో వెళ్ళాను. ఉప్పును కాగితం పొట్లాలు కట్టి బట్టీ కంతలోంచి లోపలికి విసురుతోంది. లోపల చిటపటలు, పొగగొట్టంలోంచి వీధి దాకా తెల్లటి పొగ. కాసేపటికి, మెరుపు పట్టిందో లేదో చూడ్డానికి లోపల పెట్టిన చిన్న మట్టి కడియాన్ని ఇనప ఊచతో లాగి నీళ్ళలో ముంచింది. మెరుపన్నది లేదు, బిస్కెట్టులా గరుగ్గా ఉంది. మళ్ళీ ఉప్పు, మళ్ళీ కడియం. అదీ అంతే. బస్తా ఖాళీ అయింది.

"పాతదానికి పట్టినంతా వేశాను. ఎటు పోతోందే ఇది?"

"బట్టీకి చిల్లుందేమో."

"నీ బుర్రకుంది."

బుధవారం మా ఊళ్ళో కొట్లు ఒంటిపూటే, మధ్యాహ్నానికి అన్నీ మూత. మా ఇంట్లో మాత్రం పందిమాంసం ఊరేయడానికి తెచ్చిన ఉప్పుంది. పందిని కోసే ఆర్థర్ తెల్లారితే వస్తాడు. బస్తాను బండిలో తోసుకొచ్చాను.

"మరి నీ పంది?"

"ఇంకో వారం బతికి నిన్ను దీవిస్తుందిలే. కానియ్."

బట్టీ చల్లారాక తలుపుగా పేర్చిన ఇటుకలు తీశాం. ఉప్పు కంత పక్కనున్న ఒక్క జాడీ నారింజ తొక్కలా నిగనిగలాడుతోంది. తక్కినవన్నీ వెలవెలబోయి ఉన్నాయి. నాకు చెల్లెలి సోఫా కళ్ళముందు కదిలింది. ఈనిడ్ జాడీల వంక చూడలేదు. లోపలికి తల దూర్చి గోడలు నిమురుతోంది. గోడలు తడిసినట్టు మెరుస్తున్నాయి.

"ఇటుకలు తాగేశాయి హిల్డా! కొత్తవి కదా, ముందు వాటి దాహం తీరాలి. పాతదీ మొదట్లో ఇంతే చేసింది. ఎలా మర్చిపోయానే!"

"అంటే నా ఉప్పంతా గోడలకు పూశావన్నమాట."

"ఇక తాగవులే. ఈ జాడీలనే మళ్ళీ పెట్టి కాలుస్తా."

మెరిసే జాడీని నా చేతుల్లో పెట్టింది. అడుగున పగుళ్ళున్నాయేమోనని తిరగేసి చూసుకున్నాను.

"మరి చెల్లెలికి ఏం చెప్తావ్?"

"క్రిస్మస్‌కి వస్తానని. భోజనం దాకానే."