మధ్యాహ్నం చుట్టిన సకినాలు

పోతిరెడ్డిపల్లిలో మా వీధిలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా మొదటి సకినం మా అత్తమ్మే చుట్టాలి. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. కానీ ఆమె చెయ్యి పడకుండా పెళ్లివారికి పంపే సకినాలు మొదలుపెట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చాక ఆమె ఎవరింటికీ వెళ్లడం మానేసింది. ఇది వయసు మీద పడితే వచ్చే నొప్పి కాదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్ల మీద విరుచుకుపడుతుందట. పొద్దున లేచేసరికి వేళ్లు వాచి, కర్రల్లా బిగుసుకుపోయి ఉంటాయి. జాకెట్టు గుండీ నేనే పెట్టాలి. పిలుపు వచ్చినప్పుడల్లా “జరమొచ్చింది” అని కబురు పంపేది.

నాకు మొదటి నుంచీ భయం ఎక్కువ. పాప తుమ్మితే థర్మామీటరు, అత్తమ్మ మూలిగితే డాక్టరు. ఆమె వేళ్లకు పట్టు దొరకాలని చెంచాలకూ దువ్వెనకూ పళ్ల బ్రష్షుకూ స్పాంజి గొట్టం ముక్కలు తొడిగాను. అవి మా ఆయన పటాన్‌చెరులో తను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన తుక్కు. ఊపులో ఆయన బండి తాళంచెవికి కూడా తొడిగితే, “ఇది జేబుల పట్టాల్నా, నెత్తిన వెట్టుకోవాల్నా?” అని అడిగాడు.

ఈమధ్య ఎదురింటామె బొట్టుపెట్టె పట్టుకుని వచ్చింది. వాళ్ల అమ్మాయి పెళ్లి.

“అక్కా, ఎల్లుండి పొద్దుగాల పిండి కలుపుతున్నం. ఈసారి జరం గిరం అన్నవంటే మంచంతోని ఎత్తుకపోత.”

అత్తమ్మ నవ్వింది. ఆ సాయంత్రం వంటింట్లోకి తొంగిచూస్తే, చపాతీ పిండి ముద్ద ఒకటి తీసుకుని మెలిపెట్టి చూసుకుంటోంది. నన్ను చూసి గబుక్కున గిన్నెలో వేసేసింది. ఆమెకు వెళ్లాలని ఎంత ఉందో, పదిమందిలో వేళ్లు తిరగకపోతే ఏమవుతుందోనన్న బెరుకూ అంతే ఉందని అర్థమైంది.

అంతే, నాకు పూనకం వచ్చింది. కేకు మీద క్రీముతో పూలు వేస్తారు కదా, అలాగే పాల ప్యాకెట్ కడిగి, మూల కత్తిరించి, పిండి నింపి నొక్కితే? ఇంట్లో ఉత్త బియ్యప్పిండితో చేసి చూశాను. అద్భుతంగా చుట్టలు పడ్డాయి. చంకలు గుద్దుకున్నాను.

చెప్పిన రోజు పొద్దున్నే వాళ్లింట్లో ఆడవాళ్లంతా నేల మీద తెల్ల బట్ట పరచుకుని కూర్చున్నారు. నేను కొంగు చాటు నుంచి ప్యాకెట్ తీసి, పిండి నింపి అత్తమ్మ చేతికిచ్చాను. ఆమె రెండు అరచేతులతో నొక్కింది. ఏమీ రాలేదు. సకినాల పిండిలో నువ్వులూ ఓమగింజలూ ఉంటాయన్న సంగతే నేను మరిచిపోయాను. కన్నం మూసుకుపోయింది. నేనూ చెయ్యివేసి గట్టిగా నొక్కాను.

ప్యాకెట్ ఢామ్మని పగిలింది. పిండి ఎదురింటామె ముక్కు మీద, గోడ మీద, నా నెత్తిన.

“ఓ పిల్లా! సకినాలు సుట్టనొచ్చినవా, సున్నమెయ్యనొచ్చినవా?” అంది ఎదురింటామె.

ఇక చూడాలి నవ్వులు! ఒకామె నవ్వలేక బట్ట మీదికే ఒరిగింది. అందరికంటే ఎక్కువ నవ్వింది అత్తమ్మే. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఆ నవ్వులోనే అనేసింది:

“నాకు సాతగాక కాదే బిడ్డా. పొద్దుగాల సాతగాదు. పన్నెండు గొడితే ఈ ఏళ్లు నా మాట ఇంటయ్.”

“గంతేనా?” ఎదురింటామె ముక్కు తుడుచుకుంటూ నిలబడింది. “గా మాట జెప్పనీకె ఇన్నొద్దులా? పిండి యాడికన్న ఉరుకుతదా? తడిబట్ట కప్పుతం. చాయ్ తాగుదాం పట్టున్రి.”

అత్తమ్మ కింద కూర్చుంటే లేవడం కష్టమని, పెళ్లికి తెప్పించిన బల్లా కుర్చీ వేశారు. అది చూసి వీధిలో అందరికంటే పెద్దామె అలిగింది. “ఆమెకు కుర్సీ, మాకు బండలా? మా మోకాళ్లేం పాపం జేసినయే?” చివరికి అందరికీ కుర్చీలు వచ్చాయి. సకినాల ఇల్లు కాస్తా సర్కారు ఆఫీసులా తయారైంది.

పన్నెండు దాటాక అత్తమ్మ పిండి తీసుకుంది. బొటనవేలు వంగడం లేదు. దాని పక్కభాగాన్ని చూపుడువేలికి ఆనించి, కొత్తరకంగా మెలితిప్పడం మొదలుపెట్టింది. నేను మీదికి వంగాను.

“నువ్వు జెర దూరం జరుగు. నీ పరేషాన్‌కే ఇది ఇరిగేటట్టుంది.”

మొదటి చుట్టు. రెండోది. చివర అతికించి చెయ్యి తీసింది. ఒక పక్కకు సాగింది, గుండ్రం అనడానికి లేదు. ఎదురింటామె తల వంచి చూసింది.

“అక్కా, ఇది సకినమా, ఔటర్ రింగ్ రోడ్డా?”

“రింగ్ రోడ్డే. పెళ్లికొడుకు జల్దీ వస్తడు.”

మళ్లీ అందరూ పడీపడీ నవ్వారు. తర్వాత మరికొన్ని చుట్టింది. మణికట్టు లాగడం మొదలవగానే ఎవరూ చెప్పకుండానే ఆపేసి, కుర్చీలోంచి మిగతావాళ్ల మీద పెత్తనం మొదలుపెట్టింది. నేను ఇంటికి వెళ్దామంటే, “నువ్వు వోయి పాపను సూసుకో. నాకిక్కడ శాన పనున్నది,” అంది. ఒక్కదాన్నే నవ్వుకుంటూ రోడ్డు దాటాను.

మర్నాడు పొద్దున మామూలుగానే వేళ్లు బిగుసుకుపోయాయి. వాపు కాస్త ఎక్కువగానే ఉంది.

“బాగ నొస్తున్నదా అత్తమ్మా?”

“నొస్తున్నది. వెనక గల్లీలోళ్లు గూడ పిలిచిన్రు, సోమవారం. పన్నెండు దాటినంకనే షురూ చేస్తరట.”

గోరువెచ్చని నీళ్ల గిన్నె ముందు పెట్టాను. చేతులు అందులో ముంచి, నిన్న ఎవరి సకినం ఎంత అధ్వాన్నంగా ఉందో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది.