కారణం: అర్జెంటు

ఆ మాట ఎక్కడ కనిపించినా ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తాను.

హూడిలో మా ఆఫీసు. ఆసుపత్రుల్లో పసిపిల్లల బరువును బట్టి మందు మోతాదు లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ మాది. మాలో ఎవరు కోడ్ మార్చి సర్వర్‌కు పంపినా, అక్కడ ఒక కాపలా ప్రోగ్రాం దాన్ని ఆపి పరీక్షలు చేస్తుంది. తప్పుంటే లోపలికి రానివ్వదు. ఆ కాపలా ప్రోగ్రాం రాసింది నేనే. పరీక్షలకు అరగంట పడుతోందని అందరూ నా ప్రాణం తోడేస్తుంటే ఒక వెసులుబాటు కూడా పెట్టాను. కోడ్‌తో పాటు 'పరీక్ష వద్దు' అనే ఆప్షన్ పంపి, పక్కన కారణం రాస్తే చాలు, కాపలా ప్రోగ్రాం అది చదివి వదిలేస్తుంది. ఇంకేముంది, అందరి కారణమూ ఒక్కటే: అర్జెంటు.

నా ఘనకార్యం అక్కడితో ఆగలేదు. ఒకరోజు సర్వర్ మొరాయిస్తుంటే విసుగొచ్చి, ప్రతిసారీ టైపు చేయడమెందుకని ఆ ఆప్షన్‌ను, ఆ కారణంతో సహా, నా లాప్‌టాప్ సెట్టింగుల్లోనే పెట్టేశాను. ఇక నేనేం పంపినా అది వెంట వెళ్తుంది. సాయంత్రం తీసేద్దామనుకున్నాను. మర్చిపోయాను. బుద్ధి గడ్డి తింది, ఇంకేం చెప్పను!

మూడు వారాల తర్వాత ఒక ఉదయం, బిడ్డ బరువు నమోదు చేసే చోట చిన్న మార్పు చేసి పంపాను. సర్వర్‌లోకి వెళ్లినది గంటలోపే ఆసుపత్రికి చేరిపోతుంది. మీటింగు ముగించుకుని వచ్చి కూర్చున్నానో లేదో, పక్క సీటు అమ్మాయి నా వైపు తిరిగింది.

"అక్కా, నీ కోడ్ తీసుకున్నాక నా టెస్టులన్నీ ఫెయిల్ అవుతున్నాయి. ఎనిమిదిన్నర కేజీల బేబీని ఎనభై అయిదు కేజీలంటోంది. నీకెలా పాస్ అయింది?"

పాస్ కాలేదు. అసలు పరీక్షే జరగలేదు.

"పాత కోడ్ వెనక్కి పెట్టెయ్, త్వరగా!" అని అరిచి ఫోన్ అందుకున్నాను. అప్పటికి మా సాఫ్ట్‌వేర్ వాడుతున్నది యలహంకలోని ఒకే ఒక్క పిల్లల వార్డు. వార్డు నంబరు నొక్కాను. మోగుతోంది, మోగుతోంది, ఎవరూ ఎత్తరు. భగవంతుడా, ఎవరి బిడ్డనో నా చేతులారా చంపేశానా అని ఏడుపొచ్చేసింది.

చివరికి నర్సమ్మ ఎత్తింది. "ఎవరైనా సరే, రవ్వంత ఉండప్పా. బిడ్డకు మందు ఎక్కిస్తా ఉండా."

"వద్దు! ఆపండి! సాఫ్ట్‌వేర్ వాళ్లం, ఆ లెక్క తప్పు!"

అవతల బిడ్డ ఏడుపు వినిపిస్తోంది. ఆ ఏడుపు ఆగకూడదని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

"ఇంకా ఎక్కించలే. సూది చేతిలోనే ఉండాది," అంది. "ఇంత మందేందప్పా అని నాకూ అనుమానమే. పోయిన వారం ట్రైనింగుకు వచ్చి మీరే చెప్పినారు గదా, పరీక్ష చేయకుండా మేము ఏదీ పంపమని. ఆ మాట నమ్మి నింపినా."

చెప్పింది నేనే. ఆ రోజు కూడా ఇదే లాప్‌టాప్, అదే సెట్టింగుతో, నా ముందు తెరిచి ఉంది.