టైస్తో వేగం తగ్గించడు

టైస్తో హక్కరైనెన్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే. కరోకే ట్రాకు శ్రుతి ఎంతైనా మారుస్తాడు, వేగం మాత్రం వెంట్రుకవాసి కూడా మార్చడు. ఈసల్మి ఊళ్ళో ఇర్మా నడిపే బార్‌లో బుధవారం మధ్యాహ్నాల పాటల మిషన్ ఇరవై రెండేళ్ళుగా అతని చేతిలోనే ఉంది. ఆ పిచ్చిని ఇర్మా అన్నేళ్ళుగానూ భరిస్తోంది.

"ఒరేయ్, కాస్త నెమ్మది చెయ్యరా. ఊపిరి అందట్లేదు," అనేవాడు పాత మిత్రుడు పెంటి.

"సిగరెట్లు మానెయ్. వేగం తగ్గిస్తే మిషన్ పాటని ముక్కలు కోసి, సాగదీసి అతికిస్తుంది. అకార్డియన్ పుక్కిలించినట్టుంటుంది. డ్రమ్ము ఒక్క దెబ్బకి రెండుసార్లు మోగుతుంది."

"నాకేం వినపడదే!"

"నీకు నీ పాటే వినపడదు."

ఒకసారి అతను టాయిలెట్‌కు వెళ్ళినప్పుడు, చూద్దామని ఇర్మా రెండు శాతం తగ్గించింది. అతను సబ్బు చేతులతోనే బయటికొచ్చి, మోచేత్తో మీట సరిచేసి, చేతులు కడుక్కోవడానికి తిరిగి వెళ్ళాడు.

హెల్వీ కొక్కొనెన్ ప్రతి బుధవారం ఒకే టాంగో పాట పాడేది. ఏప్రిల్‌లో ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కోలుకున్నాయి గానీ మాట ఒక అడుగు వెనకబడింది. ఆగస్టులో మళ్ళీ వచ్చి మైకు పట్టుకుంటే, తెర మీద అక్షరాలు ఆమెను వదిలేసి వెళ్ళిపోయాయి. రెండో చరణంలో మైకు బల్ల మీద పెట్టేసింది.

"ఇక నేను... రాను, ఇర్మా."

ఇర్మా మనసు కలుక్కుమంది. నేరుగా టైస్తో దగ్గరికి వెళ్ళింది.

"పదిహేను శాతం తగ్గించు. ఆవిడ కోసం, ఒక్కసారి."

"కుదరదు."

"నువ్వసలు మనిషివేనా?"

"అకార్డియన్ పాడైపోతుంది."

ఆ రోజు నుంచి ఇర్మా అతనికి కాఫీతో ఇచ్చే దాల్చినచెక్క బన్ను ఆపేసింది. అతనూ అడగలేదు.

మూడు వారాల తరువాత టైస్తో స్వయంగా కారు తీసుకెళ్ళి హెల్వీని వెంటబెట్టుకొచ్చాడు. "రానంటే... వినడే," అని విసుక్కుంటూనే ఆమె మైకు తీసుకుంది. ఈసారి అక్షరాలు ఆమె కోసం ఆగాయి. ఒక్క మాటా జారలేదు. పాటా ఆమే కలిసి ముగించారు. చప్పట్లు మోగాయి. పెంటి లేచి నిలబడ్డాడు కూడా. ఆ ఊళ్ళో అంతకు మించిన పొగడ్త లేదు.

ఇర్మా తెర మూలకు చూసింది. వేగంలో మార్పు, సున్నా. అకార్డియన్ ఎక్కడా పుక్కిలించలేదు. కాకపోతే రెండు చరణాల మధ్య ట్రాకులో ఒక కుక్క మొరిగింది. ఆ గొంతు ఇర్మాకు తెలుసు. అది టైస్తో కుక్క.

"ఇంట్లో నువ్వే అకార్డియన్ నెమ్మదిగా వాయించి రికార్డు చేశావా?" అని గుసగుసగా అడిగింది.

"పందొమ్మిదిసార్లు. కుక్కకి టాంగో పడదు. అక్షరాలు కూడా నేనే కూర్చుకున్నా."

"మిషన్లో తగ్గిస్తే నిమిషం పని కదయ్యా, మొండిఘటమా!"

"తగ్గిస్తే తెర మూల మైనస్ పదిహేను అని పడుతుంది. అందరూ చదువుతారు. ఆవిడ కూడా చదువుతుంది."

ఇర్మాకు సిగ్గేసింది. ఆ మొండివాడు ముద్దొచ్చాడు కూడా.

ఇంతలో హెల్వీ వచ్చింది. "టైస్తో, ఇవాళ పాట... నెమ్మదిగా ఉన్నట్టుందే?"

"సున్నా. కావాలంటే తెర చూసుకో. నువ్వే పుంజుకున్నావు."

హెల్వీ తెర చూసుకుంది. ముఖం విప్పారింది. "అయితే వచ్చే బుధవారం... పోల్కా పాడతా."

టైస్తో ముఖం పాలిపోయింది. పోల్కా అంటే టాంగో కంటే జోరుగా గంతులేసే పాట. అకార్డియన్ మీద అతనికి అలాంటిది ఒక్కటీ రాదు.

"వచ్చే వారం మిషన్ రిపేరుకి వెళ్తోంది," అన్నాడు. "ఆ పై వారం పాడు."