చెయ్యి వదిలించిన టీచర్

ఇవాళ పొద్దున భూపాలపల్లిలో రోడ్డు దాటబోతుంటే ఎవరో నా వేలు పట్టుకున్నారు. చెమట పట్టిన, వెచ్చని, చిన్న చెయ్యి. కిందికి చూస్తే బడి సంచీ తగిలించుకున్న పాప. నా మొహం వైపు చూడనైనా లేదు, వచ్చే పోయే బొగ్గు టిప్పర్లనే చూస్తోంది. పెద్దమనిషి నిలబడి ఉంది కదా, దాటించకపోతుందా అనుకుంది కాబోలు. దాటించాను. అవతల చేరగానే వేలు వదిలేసి, మాటా పలుకూ లేకుండా పరుగెత్తిపోయింది. ఆఫీసులో కూర్చున్నాక కూడా ఆ తడి వేలికి అంటుకునే ఉన్నట్టుంది. ఉద్యోగం పేరుతో ఈ ఊరొచ్చి ఏళ్లవుతోంది. ఒక్క గది, ఒక్క గ్యాసు పొయ్యి, ఒక్కదాన్నే. నన్నెవరైనా చెయ్యి పట్టుకుని ఎంతకాలమైందా అని వెనక్కి పోతూ పోతూ సుగుణ టీచర్ దగ్గర ఆగాను.

మాది నర్సింహులపేట వైపు ఒక చిన్న తండా. అప్పట్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. ఇప్పుడు మూడు జిల్లాలయ్యాయి కానీ మా తండా ఉన్నచోటే ఉంది. రోడ్డుకు ఇవతల మా ఇళ్లు, అవతల బడి. గ్రానైటు బండలు మోసే లారీలు ఆ రోడ్డు మీద పోతుంటే మా ఇళ్లలో గిన్నెలు గలగలమనేవి. మా అమ్మానాన్నలు పనులు వెతుక్కుంటూ వలస పోతే నేను నానమ్మ దగ్గర ఉండేదాన్ని. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగు మాకు బడిలోనే మొదలయ్యేది, అదీ వల్లెవేయడంతో. అర్థమైందా లేదా అని ఎవరడిగారు గనక? గట్టిగా, తప్పు లేకుండా అప్పజెబితే తెలివైన పిల్ల కిందే లెక్క.

సుగుణ టీచర్ జనగామలో బట్టల దుకాణం ఉన్నవాళ్ల ఆడబిడ్డ. పెళ్లైన కొన్నాళ్లకే భర్త జబ్బు చేసి పోయాడట. ఇంట్లోనే ఉండు, తిండికేం తక్కువ అన్నారట అన్నలు. ఆ మాట పడక ఉద్యోగం తెచ్చుకుని మా బడికి వచ్చింది. బడి పక్కనే అద్దె గదిలో ఉండేది. ఆ గదికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మాకు పిల్లబుద్ధి, మొహమాటం తెలియదు. "టీచర్, మీకు పిల్లలు లేరా?" అని ఒకరోజు నేనే అడిగేశాను. "లేరు. అన్నం తిను, సల్లారిపోతది" అంది, అంతే.

లారీల భయంతో ఆమె మాకొక పాట కట్టింది. "కుడివైపు చూడాలి, ఎడమవైపు చూడాలి, మళ్లీ కుడివైపు చూడాలి, అప్పుడే అడుగు వేయాలి." ప్రార్థన కాగానే చేతులు జోడించి, కళ్లు మూసుకుని అందరం కలిసి అరిచేవాళ్లం. ప్రార్థనకు కళ్లు మూసుకోవాలని కూడా ఆమే నేర్పింది మరి. పైనుంచి తనిఖీకి వచ్చిన అధికారి విని భేష్ అన్నాడు. ఆరోజు టీచర్ మాకందరికీ పల్లీలూ బెల్లమూ పంచింది. ఆమె అంత సంతోషంగా నవ్వడం మేం అంతకుముందు చూడలేదు.

చూడటం కోసమే ఆ పాటని మాకెవరికీ తట్టలేదు. అదొక పాఠం. పాఠమంటే అప్పజెప్పేది. పొద్దున రోడ్డు అంచున వరసగా నిలబడి, చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని పాటంతా అప్పజెప్పి, ఆఖరి మాట కాగానే అడుగు ముందుకేసేవాళ్లం. అప్పజెప్పాక ఇక భయమేముంది? గుడి ముందు దండం పెట్టుకుని పోయినంత ధీమా. అన్నాళ్లు ఎట్లా బతికి బట్టకట్టామో ఆ దేవుడికే తెలియాలి.

ఒకరోజు మా బాబాయి కూతురు సోని అందరికంటే ముందు పాట ముగించి అడుగేసింది. కీచుమంటూ బ్రేకు, టైరు కాలిన వాసన. కళ్లు తెరిచేసరికి సోని మీద లారీ నీడ పడి ఉంది. చెయ్యి చాపితే బంపరు తగులుతుంది. డ్రైవరు దిగి చెడామడా తిట్టి, ఆ తిట్టే నోటితోనే ఏడ్చాడు. బడిలోంచి టీచర్ చెప్పుల్లేకుండా ఉరికొచ్చింది. సోని భుజాలు పట్టి కుదిపేసింది.

"సూసినవానే? అసలు సూసినవా నువ్వు?"

సోనికి ఏడుపు ముంచుకొచ్చింది. "అప్పజెప్పిన టీచర్. ఒక్క తప్పు గూడ లేకుంట అప్పజెప్పిన."

టీచర్ అట్లాగే రోడ్డు పక్కన మట్టిలో కూలబడిపోయింది.

ఆ సాయంత్రం తండాలో పెద్దలంతా కూడి, పిల్లల్ని ఇక బడికి పంపేది లేదని తేల్చేశారు. "బతికుంటె బలుసాకు తిని బతకొచ్చు. రేపటి సంది మేకలెంబడి పో" అంది నానమ్మ నాతో. మేకలంటే నాకు కోపం లేదు, చదువంటే ప్రాణం. చీకటి పడకముందే టీచర్ తండాకు వచ్చింది. ఆమె అన్నలు చూస్తే ఏమనేవాళ్లో గానీ నానమ్మ ముందు నేల మీదే కూర్చుంది.

"అవ్వా, తప్పు నాది. పోరగాండ్లకు పాట నేర్పిన, సూసుడు నేర్పలే. పొద్దున, మాపు నేనే చెయ్యి పట్టుకొని దాటిస్త. పిల్లల్ని పంపుండ్రి."

"నువ్వు లేనినాడు ఎవరు దాటిస్తరు పంతులమ్మా?"

"నేనెటు పోత? ఈడనే ఉంట."

నానమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "సరె, నీ జిమ్మ" అని మమ్మల్ని ఆమెకు అప్పగించింది.

మర్నాటి నుంచి టీచరే మా రోడ్డు. ఆమెకున్నవి రెండు చేతులు, మేమేమో మంద. చెయ్యి ఎవరు పట్టుకోవాలని జుట్లు పట్టుకుని కొట్టుకునేవాళ్లం. చెయ్యి దొరకనివాళ్లు కొంగు పట్టుకునేవాళ్లు. సుద్దముక్క పొడి అంటిన అరచేయి, గరుకుగా, చల్లగా ఉండేది. రోడ్డు దాటాక కూడా ఆమె వదిలేది కాదు. బడి మెట్ల దాకా పట్టుకునే నడిచేది. అక్కడ మేమే విదిలించుకుని పారిపోయేవాళ్లం. ఒకసారి దసరా సెలవులకని జనగామ పోయి, పండుగ పూర్తికాకముందే తిరిగొచ్చేసింది. తాళం వేసిన బడి ముందు కూర్చుని ఉంటే నేను చూశాను.

"గప్పుడే వచ్చిండ్రేంది టీచర్?"

"మీకు రోడ్డు ఎవరు దాటిస్తరే మరి?"

"ఇప్పుడు సెలవులు గద టీచర్."

నా జడ విప్పి, మళ్లీ వేసి పంపించింది.

మరుసటి ఏడు బదిలీ వచ్చింది. చెల్లెలు తమ ఇంటికి దగ్గరగా ఉండాలని అన్నలే ఎవరినో పట్టుకుని దేవరుప్పుల వైపు వేయించారట. అందరూ మంచిదైందన్నారు. ఆమె మొహం మాత్రం వాడిపోయింది. రాబోయే సారు మహబూబాబాద్ నుంచి మోటారుసైకిల్ మీద వచ్చి పోయే మనిషి. పిల్లల్ని దాటించడం నా పని కాదని ముందే చెప్పేశాడు. తండాలో గుసగుసలు మొదలయ్యాయి. నానమ్మ మేకల తాళ్లు సరిచూడటం మొదలుపెట్టింది. టీచర్ పోయేలోపు మేం మా అంతట మేం దాటడం నేర్చుకోకపోతే మా చదువులు అక్కడికి సరి.

"పాట బంద్" అంది టీచర్. ఇక రోజూ రోడ్డు అంచున నిలబెట్టి అడిగేది. "ఏమొస్తుంది? ఎంత దూరమున్నది? ఆగుతదా, ఆగదా? మీ బాసలనే చెప్పుండ్రి." తెలుగులో అడిగితే మళ్లీ ఎక్కడ అప్పజెబుతామోనని ఆమె భయం. మేం లంబాడీలో చెబితే ఆ మాటలు ఆమే మా దగ్గర నేర్చుకుంది. పలకడం రాక తంటాలు పడుతుంటే మేం పడీ పడీ నవ్వేవాళ్లం, ఆమె కూడా నవ్వేది. నిజంగా చూస్తే తప్ప చెప్పలేం కదా, అట్లా చూడటం వచ్చింది. నిండు లారీ అంత తొందరగా ఆగదనీ, ఆగిన బస్సు ముందునుంచి దాటకూడదనీ, బండివాడు మనల్ని చూశాడో లేదో మనకు తెలియాలనీ మాకు ఒంటబట్టింది. ఒక్క సోనికి తప్ప. చెయ్యి వదిలితే చాలు, దాని కాళ్లు బిగుసుకుపోయేవి.

ఆఖరి రోజు పొద్దున తండా అంతా వచ్చి రోడ్డు పక్కన నిలబడింది. నానమ్మ ముందు వరసలో. మేం ఒక్కొక్కరమే దాటాం. సోని టీచర్ చెయ్యిని రెండు చేతులతో పట్టేసుకుంది. టీచర్ వంగి, దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

"నా చెయ్యికి కండ్లు లేవు బిడ్డా. సూసేది నువ్వే. నువ్వు చెప్పు, నేను ఆ దిక్కు నిలబడి వింట."

అని రోడ్డు దాటి బడివైపు మా దగ్గరికి వచ్చేసింది. పిల్లల్లో సోని ఒక్కతే అటువైపు. అక్కణ్నుంచే అరిచింది, బస్సొస్తోంది, దూరంగా ఉంది, అయినా పోనీ అని. బస్సు పోయింది. వెనక లారీ ఉంది, నిండుగా ఉంది, ఆగదు అని అరిచింది. అదీ పోయింది. ఇక ఏమీ లేదని చెప్పి, అటూ ఇటూ చూసి, మళ్లీ చూసి, నడిచి వచ్చేసింది. మా అందరి కేకలూ మిన్నంటాయి. నానమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "ఇగ పంపుతం పంతులమ్మా, నువ్వు పరేషాన్ గాకు" అంది. సోని టీచర్ వైపు కన్నెత్తి చూడలేదు, ఆ సంబరంలో మాతో కలిసి బడిలోకి ఉరికింది.

మెట్ల దగ్గర నేను వెనక్కి తిరిగి చూశాను. టీచర్ రోడ్డు అంచునే నిలబడి ఉంది. చేతులు రెండూ ఖాళీగా వేలాడుతున్నాయి. వాటిని ఏం చేయాలో తెలియనట్టు కొంగుకు తుడుచుకుంది. తిరిగి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకోబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దాటినంక చెయ్యెందుకే? పో, గంట కొట్టిండ్రు" అంది.

ఉద్యోగం వచ్చినప్పుడు చెప్పడానికి జనగామ వెళ్లాను. అప్పటికే రిటైరై అన్నల దుకాణం పైన ఒక గదిలో ఉంటోంది. కింద బేరాల గోల, పైన ఆమె ఒక్కతే. నన్ను గుర్తుపట్టి, చాయ్ పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? దుకాణం ముందల రోడ్డు బాగ రద్దీ ఉంటది. ఎవరన్న దాటిచ్చిండ్రా?"

"ఎవరెందుకు టీచర్? నేనే దాటిన."

"మంచిగైంది" అంది. సోని గురించి అడిగింది, బాగుందన్నాను. పోయేటప్పుడు దుకాణం మెట్ల దాకా వచ్చింది. ఆ చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలని ఎంతగా అనిపించిందో. ఇంత వయసొచ్చి ఇదేంటని తిడుతుందేమోనని జంకాను. ఆమె కూడా చేతులు కొంగులో చుట్టుకునే నిలబడింది. నేను రోడ్డు దాటి తిరిగి చూస్తే, ఇంకా అక్కడే ఉంది. మళ్లీ చూడటం కుదరలేదు. ఆమె పోయిందని కార్యాలన్నీ అయిపోయాక ఎవరో చెబితే తెలిసింది.

ఇప్పుడు నేను ఏ ఊళ్లో ఏ రోడ్డయినా ఒక్కదాన్నే దాటగలను. జ్వరమొస్తే ఒక్కదాన్నే దవాఖానకు పోతాను, ఇల్లు మారితే ఒక్కదాన్నే సామాను సర్దుకుంటాను. నీకేం, గట్టిదానివి అంటారందరూ. గట్టిదాన్ని చెయ్యి పట్టుకోవాలని ఎవరికి మాత్రం తోస్తుంది? నా చదువు, ఉద్యోగం, ఈ ఊపిరి అన్నీ ఆమె పెట్టిన భిక్షేనని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాను. కోపం కూడా ఉందని మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. గంట కొట్టారు పొమ్మనకుండా, ఆరోజు ఇంకాసేపు ఆ చెయ్యి నాకివ్వాల్సింది టీచర్. రోడ్డు కోసం కాదు. నాకు కావాలనిపించింది, నీకూ కావాలనిపించింది, ఆ తర్వాత జనగామలోనూ ఇద్దరం ఊరకే నిలబడ్డాం.