ఎత్తిన చెయ్యి

అంగలకుదురు రైస్ మిల్లులో నేను గుమాస్తాగా చేరేనాటికే మెయిన్ స్విచ్ పని ఒక పెద్దాయనది. ఆయనకు పుట్టుకతోనే చెవులు వినపడవు. మోటారు వేసే ముందు కుడి చెయ్యి పైకెత్తి, మిషన్ల దగ్గరున్న ఒక్కొక్కరినీ చూసేవారు. అందరూ తిరిగి చేతులెత్తితేనే స్విచ్ వేసేవారు. ఒక్క మనిషికి వినపడకపోతే మిల్లంతా ఈ తంతు ఏంటని నాకు విసుగు. నా బల్ల దూరం కాబట్టి నేను చెయ్యెత్తేవాణ్ణి కాదు.

ఒక ఉదయం కరెంటు పోయి వచ్చింది. బయట ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరాయి. అందరూ చేతులెత్తినా ఆయన కదలలేదు.

"ఇంకా ఎంతసేపండీ? వెయ్యమనండి!" అని అరిచాను.

"ఆగండి గుమాస్తాగారూ, ఒక చెయ్యి తక్కువంటున్నాడు బాబాయి," అంది జల్లెడ దగ్గరి ఆవిడ, ఆయన వేళ్ళకేసి చూస్తూ.

వెతికితే, ఆగిన బెల్టు కింద గుంటలోకి దిగి ఒక కూలీ ధాన్యం తోడుతున్నాడు. నా అరుపు అతనికీ వినపడలేదు. అన్ని మొహాల్లో లేని ఆ ఒక్క మొహాన్ని ఆయన ఎలా పట్టుకున్నారో నాకిప్పటికీ అంతుబట్టదు. కూలీ పైకొచ్చి, సంగతి తెలిసి, చెయ్యెత్తాడు. అప్పుడు ఆయన నాకేసి తిరిగారు. మొహంలో కోపం లేదు. ఊరికే చూస్తూ ఆగారు. నేనూ చెయ్యెత్తాను. మోటారు తిరిగింది.

ఆయన పోయి చాలా ఏళ్ళైంది. మిల్లు రొదకు నాకూ వినికిడి పోయింది. ఇప్పుడు స్విచ్ వేసే అతనికి అన్నీ వినపడతాయి. అయినా రోజూ చెయ్యెత్తి, అందరినీ చూసి, చివరగా నా బల్లకేసి తిరిగి ఆగుతాడు. నేను చెయ్యెత్తేదాకా మిల్లు తిరగదు.