అర్బాబ్ రివాల్వరూ, పావుకిలో చింతపండూ

గర్వంగానే చెప్పుకుంటాను: జన్మలో తుపాకి ముట్టని నేను, మా యజమాని రివాల్వర్‌ని విప్పి శుభ్రం చేయడానికి ఓ నిపుణుడు ఐదొందల దిర్హాములు అడిగితే, మూడొందలకే చేస్తానని ఆ పని లాక్కున్నాను. కరోనా సద్దుమణిగిన ఆ రోజుల్లో దుబాయ్ కరామాలో బెడ్‌స్పేస్‌లో, అంటే పంచుకున్న గదిలో ఒక మంచం అద్దెకి తీసుకుని ఉంటూ, పాత వస్తువులమ్మే కొట్లో సేల్స్‌మన్‌గా చేసేవాణ్ణి. మాది రావులపాలెంలో ఇత్తడి సామాన్ల కొట్టు. ఎవడేం ధర చెప్పినా తగ్గించకపోతే నాకు అన్నం అరగదు (ఈసారి తగ్గించుకోవాల్సింది నా నోరు, ధర కాదు).

మేమంతా అర్బాబ్ అని పిలిచే యజమాని తన లైసెన్సు రివాల్వర్ తెచ్చాడు. పాతకాలం నమూనాలో కొత్తగా చేసింది. తిరిగే చక్రంలోని గదుల్లో తుపాకిమందు కూరి పేల్చే రకం. ఒకసారి పేల్చి, మసి తుడవకుండా వదిలేశాడట. ఆరు గదులూ ఖాళీయేనని చూపించి, "ఆదివారం సాయంత్రం మా ఇంటి మజ్లిస్‌లో, అతిథులు కూర్చునే గదిలో, చుట్టాలకి చూపించాలి. పాడుచేశావో, నీ వీసా ఖలాస్" అన్నాడు హిందీలో, నవ్వుతూనే.

ఆదివారం పొద్దున కొట్టు వెనకగదిలో కూర్చున్నాను. గొట్టాన్ని పట్టి ఉంచే చీలను తట్టగానే గొట్టమూ, తిరిగే చక్రమూ చేతికొచ్చాయి. ఇంత సులువా అని కనిపించిన మరలన్నీ విప్పేశాను. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇత్తడి చూస్తే నాన్న కొట్టు గుర్తొచ్చింది. ఇంకేం, పావుకిలో చింతపండు నానబెట్టి రుద్దితే బంగారంలా మెరిసింది. పులుసు మిగిలింది. పారబోయడానికి మా వంశంలో ఎవరికీ చేతులు రావు! ఇనుప ముక్కలన్నీ అందులోనే వేసి టీకి వెళ్లాను. వచ్చేసరికి నిగనిగలాడే నీలినలుపు పోయి, అంతా బూడిదరంగు మచ్చలు. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, దణ్ణాలు పెట్టుకుంటూ బిగించాను. బల్లమీద ఒక స్ప్రింగు మిగిలింది. రివాల్వర్ వెనకుండే సుత్తి లాగితే నిలవదు, ట్రిగ్గర్ వేలాడుతోంది.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఫిట్టర్‌గా చేసే, నాకు తెలిసిన జగిత్యాల అన్నకి ఫోన్ చేశాను. "టాక్సీ డబ్బులు నేనిస్తాను" అన్నాకగాని నేనెంత ప్రమాదంలో ఉన్నానో ఆయనకి అర్థం కాలేదు.

వచ్చీ రాగానే, "ఏంది సేఠూ, ఊడదీసుడు నీకెవడు నేర్పిండు?" అన్నాడు.

"ఊడదియ్యడం ఎవరూ నేర్పక్కర్లేదన్నా. బిగించడమే…"

"మరి గీ స్ప్రింగు?"

"మిగిలిందన్నా." (మా కొట్లో మిగిలిందంటే లాభమే.)

"గిది మిగిలింది గాదు, నీ నౌకరి. దా, స్క్రూడ్రైవర్ ఇయ్యి."

మళ్లీ విప్పి, ట్రిగ్గర్ దగ్గర స్ప్రింగు కూర్చోబెట్టి, ఏ మరని ఆ మర చోట్లోనే బిగించాడు. టిక్కుమని సుత్తి నిలిచింది, చక్రం ఒక గది తిరిగింది. నాకు ఊపిరొచ్చింది. "సరే, గీ మచ్చలకేం జెప్తవ్?" అంటుండగానే అర్బాబ్ లోపలికొచ్చాడు.

రివాల్వర్‌ను అటూ ఇటూ తిప్పి, దీపం కిందికి తీసుకెళ్లి చూశాడు. నేను మనసులో బట్టలు సర్దేసుకున్నాను. చివరికి, "కొత్తగా మెరుస్తుంటే బొమ్మ తుపాకి అని చుట్టాలు నవ్వేవాళ్లు. ఇప్పుడు ఇనుము తాతలనాటిదిలా ఉంది, ఇత్తడి రోజూ తుడుచుకున్నట్టుంది. ఎలా చేశావు?" అన్నాడు.

"ప్రత్యేకమైన పద్ధతండీ" అన్నాను. ఇంకో వంద అడగబోతుంటే అన్న నా కాలు తొక్కాడు.

అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ రోజు లెక్క దాచకుండా చెబుతాను. వచ్చింది మూడొందలు. స్క్రూడ్రైవర్ల సెట్టు తొంభై, నూనె నలభై ఐదు, అన్నకి రానూపోనూ టాక్సీ నూట ఇరవై, ఇద్దరికీ బిర్యానీ యాభై, చింతపండు ఆరు. నికరంగా పదకొండు దిర్హాములు నష్టం. అంత హాయిగా నష్టపోయింది మళ్లీ లేదు.